ఫ్లూక్ కావాలా? ఎర అడుగునే ఉండాలి

న్యూజెర్సీలో ఎడిసన్ వైపు నుంచి శాండీ హుక్, రారిటన్ బే తీరాలకి ఫ్లూక్ (సముద్రం అడుగున ఉండే బల్లపరుపు చేప) పట్టడానికి వెళ్లే మనవాళ్లకి ఇది.

ఈ చేప రెండు కళ్లూ ఎడమవైపే ఉంటాయి. ఒంటిమీద ఇసుక కప్పుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి, పైనుంచి పోయే చిన్న చేప కోసం కాచుకుంటుంది. కాబట్టి ఎర నేలని తాకుతూ పోవాలి. లంగరు వెయ్యకుండా పడవని నీటివాలుకి వదిలేయండి. గంటకి సుమారు మైలు వేగం బాగుంటుంది. గాలి, వాలు ఎదురెదురైతే పడవ నిలిచిపోతుంది, ఎర కదలదు. అప్పుడు ఎంత ఖరీదైన సరంజామా ఉన్నా లాభం లేదు, వాలు మారేదాకా ఆగడమే.

20 అడుగుల లోతుకి ఒక ఔన్సు బక్‌టెయిల్ జిగ్ (జింకతోక వెంట్రుకలు కట్టిన, సీసపు తల ఉన్న గాలం) సరిపోతుంది, 50 దాటితే 3, 4 ఔన్సులు. దారం ఏటవాలుగా సాగి నేల తగలడం తెలియట్లేదంటే బరువు చాలట్లేదని. స్క్విడ్‌ అనే మెత్తటి సముద్రజీవిని ఎర కోసం 4 అంగుళాల పొడవున, ఒక కొస సన్నగా వచ్చేలా కోసి, వెడల్పు కొసలో ఒక్కసారే గుచ్చండి. ముద్దగా గుచ్చితే గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది.

ఫ్లూక్ ముందు ఎర తోకని పట్టుకుంటుంది. జిగ్ లేని ఉత్త ఎరైతే బరువు తగలగానే లాగకండి, కర్ర కొస కాస్త దించి, రెండు క్షణాలాగి నెమ్మదిగా ఎత్తండి. జిగ్ అయితే మాత్రం వెంటనే లాగాలి.

ఎక్కువ చేపలు పోయేది పడవ పక్కనే. తల నీళ్లపైకి లేపితే విదిలిస్తుంది, గాలం ఊడిపోతుంది. వలబుట్ట ముందే నీళ్లలో ఉంచి, తలవైపు నుంచి ఎత్తండి. సైజు నిబంధన ఏటా మారొచ్చు, బయల్దేరేముందు చూసుకోండి. చిన్నదాన్ని తడిచేత్తో పట్టుకుని వదలండి, మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు.