తెల్లారేసరికి సగంలో ఆగిపోయే రెండర్: నా అనుభవం

రాత్రి బ్యాచ్ రెండర్ (చేసిన వీడియోలన్నిటినీ వరసగా ఫైళ్లుగా తీయడం) పెట్టి పడుకుంటే పొద్దున్నే లాగిన్ స్క్రీన్ ఎదురయ్యే రోగం మొత్తానికి కుదిరింది. క్యూలో అన్నిటికీ ‘డన్’ పడింది కాబట్టి మర్చిపోకముందే రాసేస్తున్నా. విజయవాడ సత్యనారాయణపురంలో మేడ మీద గది, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (వీడియో గ్రాఫిక్స్ చేసే సాఫ్ట్‌వేర్), విండోస్. పని పెళ్లిళ్ల ఎల్ఈడీ వాల్ లూపులూ, లిరికల్ వీడియోలూ.

తేలిగ్గా తీరేవి ముందు. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ ‘నెవర్’. విండోస్ అప్‌డేట్ యాక్టివ్ అవర్స్ మహా అయితే 18 గంటలే ఇస్తుంది, అందులో రాత్రంతా పడేలా పెట్టండి, పెద్ద పనున్న వారం అప్‌డేట్లే పాజ్ చేసేయండి. అవుట్‌పుట్ యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ మీదకి వద్దు. అంతే.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. ఇక్కడ రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి కదా, అందుకని ప్రతివాడూ ఎండనే అంటాడు. వేడెక్కిన ప్రాసెసర్‌గానీ గ్రాఫిక్స్ కార్డుగానీ ముందు స్పీడు తగ్గించుకుంటాయి, రెండర్ నత్తనడక నడుస్తుంది. మరీ హద్దు దాటితేనే సిస్టమ్ ఆగిపోతుంది. నా ఫ్రేములు మాత్రం ఆగే క్షణం దాకా ఒకే వేగంతో పడుతున్నాయి. రెండర్ క్యూలో లాగ్‌ని ‘ప్లస్ పర్ ఫ్రేమ్ ఇన్ఫో’కి మారిస్తే ప్రాజెక్ట్ ఫైల్ పక్కనే లాగ్స్ ఫోల్డర్ వస్తుంది, ఏ ఫ్రేముకి ఎంతసేపు పట్టిందో అందులో ఉంటుంది.

సీపీయూ సర్వీస్ షాపుకి వెళ్తే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. ఆన్ చేశాడు, యూట్యూబ్ పెట్టాడు, ‘బానే ఉంది గదన్నా’ అన్నాడు. తర్వాత నలుగురి ముందూ ‘క్రాక్ సాఫ్ట్‌వేర్ వాడితే ఇంతే’ అని నవ్వాడు. నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కడుతున్నానని చెప్పినా వినలేదు. ఫార్మాట్ కొడదామన్నాడు, ర్యామ్ మార్చమన్నాడు. సిస్టమ్‌లో జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ ఒక్కసారైనా తెరవలేదు. అది తెరవకుండా ర్యామ్ అమ్మే షాపులో సిస్టమ్ వదిలి రాకండి.

ఏం చూడాలో చెప్తా. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, దాంట్లో సిస్టమ్. ఈవెంట్ ఐడీ నంబర్లు చూడండి. 42 ఉంటే స్లీప్‌లోకి వెళ్లింది. 1074 ఉంటే ఏదో ప్రోగ్రామ్ అడిగి మరీ రీస్టార్ట్ చేయించింది, దాని పేరూ అక్కడే ఉంటుంది, అప్‌డేట్ దొంగ దొరికేది ఇక్కడే. 4101 అయితే డిస్‌ప్లే డ్రైవర్ పడిపోయి లేచింది, ఎన్‌విడియా కార్డైతే స్టూడియో డ్రైవర్ వేసి చూడండి. పక్కన అప్లికేషన్ లాగ్‌లో 1000 కనిపిస్తే కూలింది ఆఫ్టర్ ఎఫెక్ట్సే, ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ దగ్గర ప్లగిన్ పేరు దొరకొచ్చు.

నాకు దొరికింది 41, కెర్నల్-పవర్. దీని టైము చూసి మోసపోవద్దు, అది మళ్లీ ఆన్ అయ్యాక రాసుకున్న టైము. ఆగిన టైము 6008లో ఉంటుంది, చివరి ఫ్రేము ఫైలు ‘మాడిఫైడ్’ టైముతో పోల్చి చూడండి. 41ని తెరిచి డీటెయిల్స్‌లో ‘బగ్‌చెక్ కోడ్’ (బ్లూ స్క్రీన్ నంబరు) చూడాలి. 278 అయితే గ్రాఫిక్స్, 292 అయితే హార్డ్‌వేర్ లోపం. నా దాంట్లో 0. అంటే బ్లూ స్క్రీన్ పడే వ్యవధి కూడా లేదు, చాలావరకు కరెంటే తెగి ఉండాలి.

కానీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫ్యాన్ ఆగలేదు. పగలు ఎన్నిసార్లు కరెంటు పోయినా సిస్టమ్ కదల్లేదు. కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే ‘రాత్రి మీ లైన్లో పోలేదు సార్’ అన్నారు. రెప్పపాటు పోయి వస్తే వాళ్ల లెక్కలోకి రాదనుకుంటా.

కిటుకు లోడ్‌లో ఉంది. కరెంటు తెగాక ఎస్‌ఎమ్‌పీఎస్ (సిస్టమ్ లోపల కరెంటు అందించే డబ్బా) తన కెపాసిటర్లలో ఉన్నదానితో కాసేపు లాగుతుంది. ఫుల్ లోడ్ మీద అది సుమారు 16, 17 మిల్లీసెకన్లు. బ్రౌజర్ తెరిచి ఊరికే ఉన్నప్పుడు ఇంకా ఎక్కువసేపు లాగుతుంది, అందుకే పగలు ఆగదు. రెండర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దంచుతుంటాయి, అప్పుడు ఇన్వర్టర్ మారడానికి ఒక్క సైకిల్, అంటే 20 మిల్లీసెకన్లు పట్టినా అయిపోయినట్టే. ట్యూబ్‌లైటు ఓసారి కొట్టుకుంటుంది, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

తేల్చుకోవడానికి పనికిరాని కంప్ (ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కూర్చిన వీడియో) ఒకటి రెండర్ పెట్టి, ఇన్వర్టర్‌కి వచ్చే మెయిన్ స్విచ్ ఆపండి. టప్పున రీస్టార్ట్ అయితే దొరికినట్టే. చాలా ఇన్వర్టర్ల వెనక చిన్న స్విచ్ ఉంటుంది, నార్మల్, యూపీఎస్ అని రెండు మోడ్‌లు. బిగించినవాళ్లు నార్మల్‌లో వదిలేసి పోతారు. యూపీఎస్ మోడ్‌లో త్వరగా మారుతుంది, కాకపోతే రాత్రి ఏసీలన్నీ ఆన్ అయి వోల్టేజ్ 180 దగ్గరికి పడగానే బ్యాటరీ మీదకి పోతుంది, బ్యాటరీ త్వరగా అరుగుతుంది. సిస్టమ్‌కి విడిగా ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ పెట్టడం మేలు. 600 వీఏ డబ్బా సాధారణంగా 360 వాట్లే, మంచి గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్‌కి చాలదు. వీఏ చూసి కొనకండి, వాట్లు చూడండి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే దాని తర్వాత పెట్టిన యూపీఎస్ టక్కుటక్కుమంటూ ఊరికే బ్యాటరీ మీదకి వెళ్తుంటుంది, దానికి నేరుగా మెయిన్ లైన్ ఇప్పించండి.

ఇదంతా చేసినా, రాత్రంతా నడిచే పనిని ఎంపీ4, ఎమ్‌ఓవీలోకి నేరుగా తీయొద్దు. సగంలో ఆగితే ఫైలు సాధారణంగా తెరుచుకోదు. పీఎన్‌జీ సీక్వెన్స్, అంటే ఫ్రేముకో బొమ్మ ఫైలు, తీయండి. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన 10 నిమిషాలకి 15,000 ఫ్రేములు, ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే 60 జీబీ, ఆ జాగా ముందే చూసుకోండి. రెండర్ సెట్టింగ్స్‌లో ‘మల్టీ-మెషీన్ సెట్టింగ్స్’ టెంప్లేట్ ఎంచుకుంటే ‘స్కిప్ ఎగ్జిస్టింగ్ ఫైల్స్’ టిక్ అయి ఉంటుంది, ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. మళ్లీ మొదలుపెట్టేముందు ఫోల్డర్‌ని సైజు వారీగా పేర్చి 0 కేబీ ఫైళ్లు తీసేయండి. మొదలైన ప్రతి ఫ్రేముకీ ముందే ఖాళీ ఫైలు పెట్టేస్తుంది, అవి ఉంటే అయిపోయాయనుకుని దాటేస్తుంది. మల్టీ-ఫ్రేమ్ రెండరింగ్‌లో ఒకేసారి నాలుగైదు నడుస్తుంటాయి, చివరిదొక్కటే తీసేస్తే చాలదు. సగం రాసిన పీఎన్‌జీలు కూడా ఉండొచ్చు, ఆగిన చోట ఓ పది ఫ్రేములు తీసేస్తే గొడవుండదు.

మనం లేనప్పుడు ఆగినా తనంతట తానే అందుకోవాలంటే, బయోస్‌లో కరెంటు వచ్చాక ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సపోర్ట్ ఫైల్స్ ఫోల్డర్‌లోని ఏఈరెండర్‌కి (విండో తెరవకుండానే రెండర్ చేసే ప్రోగ్రామ్) ప్రాజెక్ట్ దారి ఇచ్చి బ్యాచ్ ఫైలు రాసి స్టార్టప్‌లో పడేయండి. కంప్ పేరు ఇవ్వకపోతే క్యూలో పెట్టి సేవ్ చేసినవన్నీ తీస్తుంది. లాగిన్ అయితేనే స్టార్టప్ నడుస్తుంది, ఆటో లాగిన్ ఉండాలి. ఇలా అందుకున్నప్పుడు 0 కేబీ ఫైళ్లని దాటేసి ఉంటుంది, పొద్దున వాటిని తీసేసి ఇంకోసారి నడపండి.

పొద్దున సీక్వెన్స్‌ని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెచ్చుకున్నప్పుడు మాత్రం జాగ్రత్త, డీఫాల్ట్‌గా సెకనుకి 30 ఫ్రేములని చదువుతుంది. 10 నిమిషాల పాట 8 నిమిషాల 20 సెకన్లకి కుదించుకుపోయి పెదాలు ఒకదారి, పాట ఒకదారి అవుతాయి. ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో 25 చేసి, ఆడియో కలిపి, అప్పుడు ఎంపీ4 తీయండి.