మిద్దెకు సున్నం

మా పాలమూరు ఎండలు తెల్సినయే కదా, పైన రూంల రాత్రి పదకొండింటికి గూడ స్లాబు సెగ కొడ్తుండె, ఫ్యానేస్తే వేడిగాలే. 2023ల సర్కారు కూల్ రూఫ్ పాలసీ (మిద్దెకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత లాంటివి వేసుడు) అంటే నవ్విన. ఇప్పుడు నేనే 20 కిలోల సున్నం తెచ్చి రాత్రంత డ్రమ్ముల నానబెట్టి, పొద్దుగాల ఫెవికాల్ కలిపి రెండు కోట్లు కొట్టిన (పైసలు కాదు, పూతలు). పగుళ్లకు సిమెంట్ ముందుగాల పెట్టాలె, మర్చిపోయి సున్నం మీదనే పెట్టిన, మూడోరోజుకే పెచ్చులూడింది. "మిరుగం వానలు రాకముందే గీకి మళ్ల పెట్టురా" అని అమ్మ ఒకటే సతాయింపు. గ్లౌజులు లేక చేతులు గూడ పొక్కినయి. అయినా నిన్న పట్టపగలు చెప్పుల్లేకుండ మిద్దె మీద నడిచిన, పాపడాలు తీస్తందుకు.