లైట్లు వెలిగేదాకా ఎవరూ లేవలేదు

2020 ఆగస్టులో రాజమండ్రిలో నాన్న పోయారు. మామూలు విమానాలు లేవు, ఒకసారి జపాన్ దాటితే విదేశీయులను మళ్లీ రానిస్తారన్న భరోసా లేదు, అమ్మేమో "రావద్దు నాన్నా, నువ్వు అక్కడ క్షేమంగా ఉండు చాలు" అంది. పెద్దకొడుకుని నేను, తలకొరివి పెట్టింది తమ్ముడు. టోక్యోలో నిషికసాయిలోని నా గదిలో కూర్చుని ఫోన్‌లో చూశాను. నెట్ ఆగి ఆగి వస్తోంది, మంట అంటుకున్న క్షణంలో బొమ్మ అలాగే ఆగిపోయింది.

ఆఫీసులో మా సీనియర్ నలుపు తెలుపు దారాలు కట్టిన కవరు రెండు చేతులతో ఇచ్చి తలవంచాడు. ఇంట్లో మనిషి పోతే ఇచ్చే డబ్బు, కోదెన్ అంటారు. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు.

అక్టోబర్ 16న 'డీమన్ స్లేయర్: ముగెన్ ట్రైన్' అనే జపనీస్ యానిమేషన్ సినిమా విడుదలైంది. పది రోజుల్లో వెయ్యి కోట్ల యెన్లు దాటింది, లంచ్ దగ్గర అదే మాట. సీనియరే పిలిస్తే కిబాలో థియేటర్‌కి వెళ్లాను. పిల్లల కార్టూన్ అనుకుని కూర్చున్నాను. రైల్లో ఒక రాక్షసుడు అందర్నీ నిద్రపుచ్చి తియ్యటి కలలు చూపిస్తాడు. కథానాయకుడు తంజిరో కలలో, చచ్చిపోయిన అమ్మ, తమ్ముళ్లు, చెల్లెలు అంతా మంచులో బతికే ఉంటారు, బొగ్గులమ్మి ఇంటికొచ్చిన వాడికి ఎదురొస్తారు. అది కల అని తెలిశాక వాళ్లను వదిలి వెనక్కి తిరగకుండా పరిగెత్తాలి వాడు. అక్కడే నాకు గొంతు పట్టేసింది.

తెల్లవారేసరికి, రైల్లో వాళ్లను కాపాడిన యోధుడు రెంగోకు కూడా పోతాడు. తెర నల్లబడి పేర్లు మొదలయ్యాయి, గాయని లీసా గొంతు వచ్చింది. ఈ సినిమా కోసమే చేసిన పాట అది, సంగీతం కాజియురా యుకి, మాటలు ఆవిడా లీసా కలిసి రాశారు. మొదలయ్యేదే వీడ్కోలుతో, ఆ వెంటనే కృతజ్ఞతతో. ఇక్కడ పేర్లు పడుతుంటే జనం లేవరు, చివరి పేరు వెళ్లి లైట్లు వెలిగేదాకా చీకట్లోనే ఉంటారు, మనకైతే ఆ పాటికి సగం హాలు ఖాళీ. ఆ రోజు పక్క సీట్లో ఆరేడేళ్ల పిల్లాడు మాస్కు తడిసిపోయేలా ఏడుస్తుంటే వాళ్లమ్మ చిన్న టవల్ చేతిలో పెట్టింది తప్ప ఊరుకోమనలేదు. నేనూ ఏడ్చాను, రెండు నెలల తర్వాత. సీనియర్ నా వైపు తిరగలేదు, ఆ పాట ఉన్నంతసేపూ నన్ను నా మానాన వదిలేశాడు. ఇప్పటికీ ఆ మర్యాద మర్చిపోలేను.

బయటికొచ్చాక పాట పేరు అడిగాను. 'హొముర' అన్నాడు. రసీదు వెనక రాసి చూపించాడు, నిప్పు అనే అక్షరం, దాని మీద ఇంకో నిప్పు. జ్వాల అని అర్థం. ఫోన్‌లో ఆగిపోయిన ఆ మంట గుర్తొచ్చింది. ఆ రసీదు ఇప్పటికీ నా పాస్‌పోర్టులోనే ఉంది.

డిసెంబర్ 30న ఆ పాటకి జపాన్ రికార్డ్ అవార్డ్ వచ్చింది. టీవీలో లీసా పాడుతుంటే అమ్మకి ఫోన్ చేసి స్పీకర్ దగ్గర పెట్టాను. "ఏం చెప్తోందిరా ఆ అమ్మాయి?" అంది. నాకొచ్చిన జపనీస్‌తో చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయిపోయిందా? ఇంకోసారి పెట్టు" అంది.