కోళ్ల ఫారం లైటు

డిసెంబర్ 11, స్టాక్‌హోమ్

పొద్దున ఏడింటికి లేచాను. పొద్దున అని రాస్తున్నాను గానీ, కిటికీ బయట నడిరాత్రే. ఈ నెలలో ఇక్కడ సూర్యుడు ఎనిమిదిన్నర దాటితే గానీ రాడు, మధ్యాహ్నం మూడు కాకముందే వెళ్ళిపోతాడు. ఆ కాసేపూ మనం ఆఫీసులో ఉంటాం.

కాఫీ గ్లాసుతో, చలికాలపు దిగులు పోవడానికి కొన్న పెద్ద వెలుతురు లైటు ముందు కూర్చున్నా. పదో రోజిది. అమ్మ వీడియో కాల్ చేసింది, అక్కడ పదకొండున్నర.

"మొహం మీద ఆ వెలుతురేంట్రా? మీ మావయ్య కోడిపిల్లలకి బల్బు పెట్టినట్టు!"

నవ్వేశాను గానీ, అమ్మ మాట పెద్ద తప్పేం కాదు. తణుకు దగ్గర మావయ్యకి గుడ్ల కోళ్ల ఫారం ఉండేది. చలికాలం పగలు తగ్గితే గుడ్లూ తగ్గుతాయని చీకటితోనే లైట్లేసి, రోజుకి 16 గంటలు వెలుతురు ఉండేలా చూసేవాడు. టైమర్ చెడిపోయిందంటే ఆ రోజు ఇంట్లో అందరికీ టెన్షనే. పగలు ఎంత పొడుగో కోడి ఒంటికి లెక్క తెలుసు. నా ఒంటికీ తెలుసని ఈ మూడో చలికాలంలో గానీ నాకు అర్థం కాలేదు.

మొదటి రెండేళ్లూ నవంబర్ రాగానే మొద్దునిద్ర. పదిగంటలు పడుకున్నా తీరేది కాదు. అన్నం, స్వీట్లు, మళ్ళీ అన్నం. ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తబుద్ధయ్యేది కాదు. బద్ధకం అనుకుని నన్ను నేనే తిట్టుకున్నా. ఏప్రిల్ కల్లా దానంతటదే పోయేది. ఇలా చలికాలం వచ్చిపోయే డిప్రెషన్ గురించి 1984లోనే అమెరికాలో నార్మన్ రోజెంతాల్ బృందం రాసింది, వెలుతురుతో వైద్యమూ చేసి చూసింది. ఈ దేశంలో ఉత్తరాన ఊమెయో అనే ఊళ్ళో 2012లో బస్టాపుల్లోనే ఇలాంటి లైట్లు పెట్టారు. నేనేమో బద్ధకం అనుకుంటూ కూర్చున్నా.

ఈ ఏడాది లైటైతే కొన్నాను గానీ, సొంత తెలివి వాడాను. ఆఫీసు నుంచొచ్చి రాత్రి ఎనిమిదింటికి దాని ముందు కూర్చునేవాణ్ణి. అదీ టేబుల్‌కి ఆ చివర పెట్టి. రెండింటి దాకా నిద్ర పట్టేది కాదు. డాక్టరమ్మ విని నవ్వు ఆపుకుంది. పెట్టె మీద రాసిన 10,000 లక్స్ (వెలుతురు కొలత) జానెడున్నర దూరంలోనే, వెనక్కి జరిగేకొద్దీ గబగబా పడిపోతుందట. అంతకంటే ముఖ్యం, వేళ. కంటి వెనక పొరలో చూపుతో పెద్దగా పనిలేకుండా వెలుతురుని కనిపెట్టే కణాలు కొన్ని ఉంటాయి. అవి మెదడులోని గడియారానికి కబురు పంపుతాయి. పొద్దున పడే వెలుతురు ఆ గడియారాన్ని ముందుకి జరుపుతుంది, అంటే నిద్రా మెలకువా త్వరగా వస్తాయి; రాత్రి పడేది వెనక్కి లాగుతుంది, అంటే రెండూ ఆలస్యమవుతాయి. నిద్రవేళ చెప్పే మెలటోనిన్‌ని కూడా ఆపేస్తుంది. అంటే రోజూ డబ్బిచ్చి మరీ నా రాత్రిని నేనే పొడిగించుకున్నానన్నమాట.

నిద్ర లేకపోయినా హుషారుగా, చేతిలో డబ్బంతా ఖర్చుపెట్టేసిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అని కూడా అడిగింది. బైపోలార్ (కొన్నాళ్ళు కుంగిపోయి, కొన్నాళ్ళు అతి హుషారెక్కే జబ్బు) ఉన్నవాళ్ళని ఈ లైటు ఒక్కోసారి ఆ అతి హుషారు చివరికి తోసేస్తుందట. కంటి జబ్బుల గురించీ అడిగింది. నాకవేం లేవు.

ఇప్పుడు లేవగానే అరగంట. లైటుకేసి చూడక్కర్లేదు, మొహం మీద పడితే చాలు. ఈ వారంలో రెండు రోజులు అలారం కంటే ముందే లేచాను. ఇవాళ వంకాయ కూర కూడా వండాను, చాన్నాళ్ళకి. లైటు మహిమో, రోజూ ఒకే వేళకి లేవడం మహిమో. ఏదైనా, మధ్యాహ్నం భోజనమయ్యాక కోటేసుకుని చెరువు దాకా నడిచొచ్చా. ఆకాశమంతా మబ్బే, అయినా ఆఫీసు ట్యూబులైట్ల కంటే బయటే వెలుతురెక్కువ.

సాయంత్రం మావయ్య మెసేజ్ పెట్టాడు. అమ్మ చెప్పేసినట్టుంది. "ఎన్ని గంటలు వేస్తున్నావురా? టైమర్ పెట్టావా?"

పెట్టలేదు. రేపు వచ్చేటప్పుడు ఒకటి కొనాలి.