ఏడు ప్లేట్లు వచ్చిన సావనీరు

పుస్తకం చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

సిరిమానోత్సవానికని ఒక కమిటీవాళ్లు 64 పేజీల సావనీరు పెట్టుకున్నారు. వ్యాసాలు వర్డ్‌లో, ప్రకటనలు పీడీఎఫ్‌లో ఇచ్చారు. ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్లో పేజీలు కట్టాను, ప్రూఫులు రెండుసార్లు దిద్దారు. అక్కడిదాకా చెప్పుకోడానికేం లేదు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను, సోమవారానికి పుస్తకం కావాలి. వారం ముందే ఫైలు విశాఖలో ప్లేట్లకి పంపాను. అచ్చులో ఒక్కో సిరా రంగుకీ ఒక్కో ప్లేటు.

మర్నాడు ఫోను. "మాస్టారూ, ఏడు ప్లేట్లు వస్తన్నాయండి. మీరు నాలుగు రంగులే అన్నారు కదా?" నా ఎదురుగా కమిటీ పెద్దాయన టీ తాగుతున్నాడు. ఫోను స్పీకర్లో ఉంది. గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు.

బస్సెక్కాను. అక్కడి కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. నా ఫైలు తెరిచి, ఏ ప్లేటు మీద ఎంత సిరా పడుతుందో చూపే సెపరేషన్స్ ప్రివ్యూ ఆన్ చేసి, సంపాదకీయం మొదటి అక్షరం మీద మౌస్ పెట్టాడు. సయాన్ 100, మెజెంటా 100, యెల్లో 100, బ్లాక్ 100. "ఇదేటి మాస్టారూ, అక్షరానికి నాలుగు రంగులూ పులిమీసారు?" అన్నాడు. వెనక నిలబడ్డ ఇద్దరు కిసుక్కున నవ్వారు.

జరిగింది ఇది. రంగుల జాబితా ఉండే స్వాచెస్ ప్యానెల్లో 'రిజిస్ట్రేషన్' అని ఒకటుంటుంది. చూడ్డానికి నల్లగానే ఉంటుంది, అసలు 'బ్లాక్' కూడా ఆ దగ్గర్లోనే. కాయితం ఎక్కడ కొయ్యాలో చూపే క్రాప్ మార్కులు అన్ని ప్లేట్ల మీదా పడాలి కాబట్టి వాటికోసం పెట్టిన రంగది. నేను పేరాలన్నిటికీ ఒకే రూపమిచ్చే పారాగ్రాఫ్ స్టైల్ తయారుచేసేటప్పుడు చెయ్యి జారి దాన్ని నొక్కాను. స్టైల్‌లో పడిన తప్పు పుస్తకమంతా పాకింది. నాలుగు రంగుల్లోనే 400 శాతం సిరా! ప్లేటు వెంట్రుకవాసి జరిగినా 'క్ష్మి' కింద వత్తు పక్కన ఎర్రగా, నీలంగా అంచులు వస్తాయి. మన వత్తులు అసలే ఇరుకు, సిరా నిండి ముద్దయిపోతాయి. తెర మీద మాత్రం ఏ తేడా కనపడదు, ప్రూఫు దిద్దినవాళ్లని అనేదేం లేదు.

పేజ్‌మేకర్, అనూ ఫాంట్ల కాలం నుంచీ కంప్యూటర్ ముందున్న మనిషిని. ఈ ఊళ్లో నేను కట్టని శుభలేఖ లేదని అనుకునేవాణ్ణి. ఆ కుర్రాడి ముందు నోరు పెగల్లేదు.

స్టైల్‌లో బ్లాక్ పెట్టాను, మిగిలినవాటికి ఫైండ్/చేంజ్‌లో క్యారెక్టర్ కలర్ రిజిస్ట్రేషన్ అని వెతికి బ్లాక్ చేశాను. అరగంట పని. మరి ఆ మూడు అదనపు ప్లేట్లో? అవి ప్రకటనల పుణ్యం. ఒక నగల షాపు ప్రకటనలో బంగారం రంగు పాంటోన్ 871 సి, అంటే విడిగా ఒక ప్లేటుతో వేసే మెరుపు సిరా. అదే షాపు రెండో ప్రకటనలో పాంటోన్ 871 సివిసి. బంగారం ఒకటే, పేర్లు రెండు, ప్లేట్లు రెండు. మూడోదాని పేరు 'న్యూ రెడ్ ఫైనల్'. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, వాడి చేతికి మౌస్ ఇచ్చినవాణ్ణనాలి. ప్యానెల్లోంచి తీసేద్దామంటే చెత్తబుట్ట పనిచెయ్యదు, ఆ రంగులు లోపల పెట్టిన పీడీఎఫ్‌లో ఉన్నాయి మరి. ఇంక్ మేనేజర్‌లో 'ఆల్ స్పాట్స్ టు ప్రాసెస్' టిక్ పెడితే ఆ విడి సిరాలు మామూలు నాలుగు రంగుల్లోకి మారి, ప్లేట్లు నాలుగుకి దిగాయి. ఈ ముక్క కూడా కుర్రాడే చెప్పాడు. చెప్పినందుకు 'ఫైల్ చెకింగ్' అని బిల్లులో మూడొందలు వేశారు.

పనిలోపని, వర్డ్ నుంచి వచ్చిన ఆర్‌జీబీ (అచ్చుకి కాక తెరకి వాడే రంగులు) నలుపులు ఇరవై దాకా ఉన్నాయి. వాడనివి 'సెలెక్ట్ ఆల్ అన్‌యూజ్డ్' కొట్టి పారేశాను. వాడుతున్నది తీసేస్తే బదులేం పెట్టాలని అడుగుతుంది, చదవకుండా ఓకే కొట్టకండి. నేనొకసారి కొట్టి, రంగు పేజీల్లో ఉండిపోయి పేరు మాత్రం పోయి, దాన్ని వెతుక్కోడానికి సాయంత్రమంతా తగలేశాను. ఇంటికొచ్చాక ఏ ఫైలూ తెరవకుండా స్వాచెస్ ప్యానెల్లో అక్కర్లేనివన్నీ తీసేశాను, ఇకపై కొత్త ఫైలు అలాగే శుభ్రంగా తెరుచుకుంటుంది. నాకు కావలసిన పది రంగులూ ఏఎస్‌ఈ అనే రంగుల జాబితా ఫైలుగా దాచుకున్నాను. ప్లేట్లవాళ్లని నమ్ముకోకండి, సెపరేషన్స్ మీరే చూసుకుని పంపండి.

ఆదివారం రాత్రికే కట్టలు దిగాయి. సోమవారం నగల షాపాయన వచ్చి, తన ప్రకటన తెరిచి, గోటితో గీకి చూశాడు.

"బంగారం ఏదండీ? ఆవపిండిలాగుంది" అన్నాడు. ప్రకటన డబ్బులు ఇంకా కట్టలేదు.