బీటెక్ మానేశాక దూరవిద్యలో బీకాం: డబ్బు ఎలా సర్దుకున్నాను

బీటెక్ మధ్యలో వదిలేసి దూరవిద్యలో డిగ్రీ చేద్దామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఫీజు ఎంత అని. ఫీజు పెద్ద భారం కాదు. ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ)లో బీకాంకి ఏడాదికి ఐదు వేల చుట్టూ అవుతుంది. నా డబ్బు, నా నిద్ర ఎక్కువగా పోయింది పాత చదువు లెక్క తేల్చుకోవడానికే. కాలేజీలో ఇరుక్కున్న సర్టిఫికెట్లు, బ్యాంకులో పెరుగుతున్న రుణం, ఈ రెండూ ఒక దారికి వచ్చాకే కొత్త చదువుకి నెలకి ఎంత పక్కన పెట్టగలనో తెలిసింది. అందుకే ఆ వరుసలోనే చెప్తాను.

మాది సిరిసిల్ల. బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు. 2022లో ఎంసెట్ రాసి హైదరాబాద్ శివారులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు తెచ్చుకున్నాను. మేం బీసీలం. ర్యాంకు పది వేల లోపు వస్తే ఫీజు మొత్తం రీయింబర్స్‌మెంట్‌లో పోయేది. నాది దాటింది కాబట్టి ఏడాదికి 35,000 రూపాయలే వస్తాయి. మిగతా ఫీజుకి, హాస్టల్‌కి బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. నాలుగు లక్షల లోపు రుణం కాబట్టి తాకట్టు అడగలేదు, బాపు నాతో పాటు సంతకం పెట్టాడు. 2024లో థర్డ్ ఇయర్ మొదలైన కొత్తలోనే బాపుకి పక్షవాతం వచ్చింది. అమ్మ బీడీలు చుట్టిన డబ్బుతో ఇల్లు, మందులు, తమ్ముడి చదువు నడవవు. నేను ఇంటికొచ్చేశాను, బట్టల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ పనికి కుదిరాను. షాపులో ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు చూస్తూ చూస్తూ బీకాం చేస్తే ఈ పనే ఇంకా పైకి తీసుకెళ్తుందని నమ్మకం కలిగింది.

ముందు కాలేజీ. టీసీ, టెన్త్ మెమో, ఇంటర్ మెమో అన్నీ చేరినప్పుడే తీసుకుని పెట్టుకున్నారు. ఆఫీసులో నో డ్యూస్ ఫారం ఇచ్చారు. లైబ్రరీ, ల్యాబులు, హాస్టల్ సంతకాలు అయ్యాయి. అకౌంట్స్ సెక్షన్‌లో ఆగింది. అక్కడి మేడమ్ కంప్యూటర్‌లో చూసి, చిన్న చీటీ మీద మూడు అంకెలు వేసి ఇచ్చింది. ఒకటి హాస్టల్ మెస్ బాకీ, పదకొండు వేలు. రెండోది సెకండ్ ఇయర్‌కి ఇంకా విడుదల కాని రీయింబర్స్‌మెంట్ 35,000. మూడోది, నేను చదవబోని థర్డ్ ఇయర్, ఫోర్త్ ఇయర్ ఫీజు. "సీటు ఖాళీగా పోతుంది కదమ్మా, అందరి దగ్గరా తీసుకుంటాం" అంది. ఆ చీటీ చూసి అమ్మ పుస్తెల తాడు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

అదే మాట మీద చాలామంది అప్పు చేసి కట్టేస్తారు. మా హాస్టల్‌లోనే ఇద్దరు సీనియర్లు కట్టారు. నాకు మాత్రం మా ఊరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్ సార్ ఒకరు, ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ నిబంధన చూపించారు. విద్యార్థి ఏ దశలో అడ్మిషన్ రద్దు చేసుకున్నా తర్వాతి సంవత్సరాల ఫీజు అడగకూడదని, సర్టిఫికెట్లు ఏడు రోజుల్లో తిరిగివ్వాలని అందులో ఉంది. యూనివర్సిటీలని నియంత్రించే యూజీసీ కూడా 2018 అక్టోబరులో ఒరిజినల్ సర్టిఫికెట్లను చూసి వెంటనే తిరిగిచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. నోటితో వాదించడం కన్నా కాగితం మీద రాసివ్వడం మేలని సార్ అన్నారు. ప్రిన్సిపల్ పేరున ఒక పేజీ దరఖాస్తు రాశాను. ఏ తేదీ నుంచి మానేశానో, కారణం ఏంటో, బాపు డిశ్చార్జి సమ్మరీ, ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నానో, అంతే. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు, తేదీ వేయించుకున్నాను. ఆ స్టాంపు వేయించుకోవడానికే ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చింది. వారం దాటినా కబురు రాకపోతే ఏఐసీటీఈకి ఫిర్యాదు పెడతానని మర్యాదగానే చెప్పాను.

పెట్టే అవసరం రాలేదు. మిగిలిన రెండేళ్ల ఫీజు మాట వదిలేశారు. మెస్ బాకీ మేం నిజంగా తిన్నదే, అది కట్టాల్సిందే. అమ్మ పొదుపు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి పదకొండు వేలు తీసుకుంది. రీయింబర్స్‌మెంట్ విషయంలో, అది విడుదలైతే కాలేజీకే చెందుతుందని, దాని మీద నాకు హక్కు లేదని స్టాంపు పేపరు మీద రాయించుకున్నారు. దానికి ఒప్పుకున్నాను. కొందరు ఆ డబ్బు ముందు మీరే కట్టండి, వచ్చాక ఇస్తాం అంటారు. అలా కట్టాల్సి వస్తే రసీదు మీద "రీయింబర్స్‌మెంట్ వచ్చాక వాపసు" అని రాయించుకోకుండా బయటికి రావొద్దు.

ఇక బ్యాంకు. అప్పటికి తీసుకున్నది లక్షా అరవై వేలు, వడ్డీతో కలిపి లక్షా ఎనభై వేలకు చేరింది. ఎడ్యుకేషన్ లోన్‌కి చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు ఉండవు. మేం ఏమీ చెప్పకపోతే 2027 దాకా బ్యాంకు అడగదు కదా, ఊరుకో అని మా మామయ్య సలహా. మామయ్య మంచి మనసుతోనే అన్నాడు కానీ, వడ్డీ ఊరుకోదు. పైగా మా లాంటి వాళ్ల రుణాలకి, అంటే ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉన్నవాళ్లకి, ఆ వాయిదాలు లేని కాలంలో వడ్డీ కేంద్ర ప్రభుత్వం భరించే పథకం ఉంది. మధ్యలో చదువు మానేసినవాళ్లకి అది వర్తించదు. అనారోగ్యానికి మినహాయింపు ఉన్నా, అది విద్యార్థి సొంత అనారోగ్యానికేనని మా బ్రాంచిలో చెప్పారు. అంటే మానేసిన రోజు నుంచి ప్రతి నెలా వడ్డీ మా నెత్తి మీదే.

కాలేజీ ఇచ్చిన డిస్‌కంటిన్యూ లెటర్, షాపు జీతం కాగితం పట్టుకుని మేనేజర్‌ని కలిశాను. ఎడ్యుకేషన్ లోన్‌ని పదిహేనేళ్ల దాకా తీర్చుకునే వీలుంటుందని అప్పుడే తెలిసింది. అంత లాగితే వడ్డీయే అసలంత అవుతుంది. ఏడేళ్లకి పెట్టమన్నాను, నెలకి మూడు వేల చిల్లర వచ్చింది. నా జీతం పన్నెండు వేలు. కష్టమే, కానీ కట్టగలిగిన అంకె. వాయిదా తప్పితే సిబిల్‌లో, అంటే అప్పులు తీర్చే తీరు నమోదయ్యే రికార్డులో, నా పేరుతో పాటు బాపు పేరు కూడా పాడవుతుంది. రేపు తమ్ముడి చదువుకి మళ్లీ అదే బాపు సంతకం కావాలి. అందుకే కొత్త చదువు కన్నా ముందు ఈ మూడు వేలు పక్కకి తీశాను.

అక్కడే ఇంకో మాట అడిగాను, దూరవిద్యకి లోన్ ఇస్తారా అని. రెగ్యులర్, ఫుల్ టైమ్ కోర్సులకే విద్యా రుణం అన్నారు. కావాలంటే పర్సనల్ లోన్ తీసుకోమన్నారు. ఐదు వేల ఫీజుకి ఆ వడ్డీ ఎవరు కడతారు? మీసేవలో రీయింబర్స్‌మెంట్ గురించి అడిగితే దూరవిద్య, ఓపెన్ యూనివర్సిటీ కోర్సులకి లేదన్నారు, నిబంధనల్లోనూ అదే ఉంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఇంటర్ మార్కుల మీద ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్ కూడా రెగ్యులర్ వాళ్లకే. నాతో పాటు చదివే ఎస్సీ అమ్మాయికి ఇగ్నోలోనే ఫీజు మినహాయింపు వచ్చింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు అప్లై చేసేటప్పుడే ఆ సంగతి చూసుకోవాలి, అది ఒక దఫాలో ఒక ప్రోగ్రాముకే ఉంటుంది. బీసీలకి ఆ దారి లేదు. ఉద్యోగం చేస్తూ, ఇల్లు నడుపుతూ చదువుకునే మనిషికి రెగ్యులర్ విద్యార్థికి ఇచ్చే సాయంలో పదో వంతు ఇచ్చినా సరిపోతుంది. అది కూడా లేకపోవడం నాకు చాలా బాధ అనిపిస్తుంది.

యూనివర్సిటీ ఎంపిక తొందరగానే తేలింది. తెలుగు మీడియం కావాలంటే హైదరాబాద్‌లోని అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ మంచిది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే, 1982లో పెట్టారు. నేను తేరుకునేసరికి ఆ ఏడాది అక్కడ అడ్మిషన్లు అయిపోయాయి. ఇగ్నోలో జనవరి, జులై రెండుసార్లూ చేరొచ్చు, నేను 2025 జనవరిలో చేరాను. ఓపెన్ డిగ్రీ ఎందుకు పనికొస్తుంది అన్న చుట్టాలకి నేను చెప్పేది ఒకటే. గుర్తింపు ఉన్న యూనివర్సిటీల దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టంగా ప్రకటించింది. గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ పనికొస్తుంది. "ఆ డబ్బు పెళ్లికి దాచుకోరాదా" అన్న పెద్దమ్మకి మాత్రం బాపే జవాబు చెప్పాడు. మాట ఇంకా తడబడుతున్నా, "సదువనియ్యి" అన్నాడు.

అప్లికేషన్‌కి టీసీ అడగలేదు. సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోతే చేరలేమని భయపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఇంటర్ మెమో డిజిలాకర్‌లో తీసుకున్నాను, అది ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతుంది. 2022 నుంచి రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి యూజీసీ అనుమతి కూడా ఉంది కాబట్టి, పాత కాలేజీ రికార్డులో పేరు ఇంకా ఉన్నా దూరవిద్యలో చేరడానికి అడ్డం కాదు. అడ్డం వచ్చింది ఇంకోచోట. ఇప్పుడు దూరవిద్యకి డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు) తప్పనిసరి, దానికి ముందు మన చదువు క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ ఉండాలి, అది ఆధార్ పేరుతో తయారవుతుంది. నా ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, మెమోలో పూర్తిగా ఉంది. ఆధార్ సవరణ అయ్యేదాకా టెన్షన్ పడ్డాను. చివరి తేదీకి నెల ముందే ఈ పేర్లు చూసుకోండి. బీటెక్ క్రెడిట్లు బీకాంలో కలుస్తాయేమోనని ఆశపడ్డాను గానీ, సబ్జెక్టులు ఒక్కటీ కలవలేదు.

పుస్తకాలు వద్దు, డిజిటల్ మెటీరియల్ చాలు అని టిక్ పెడితే ఫీజులో 15 శాతం తగ్గుతుంది. అదే చేశాను. ఇగ్నో పాఠాలు దాని ఆన్‌లైన్ లైబ్రరీ ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో అకౌంటెన్సీ లెక్కలు చదవడం నావల్ల కాదు, వాటి వరకు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుంటాను. తగ్గిన డబ్బులో కొంత అక్కడికి పోతుంది, అయినా మిగులే.

ఏడాది ఫీజు కాక పరీక్ష ఫీజు వేరు, పేపరుకి రెండొందలు. గడువు దాటితే పదకొండు వందల లేట్ ఫీజు పడుతుంది, అది నాకు దాదాపు మూడు రోజుల జీతం. అసైన్‌మెంట్ల కాగితాలు, కరీంనగర్ స్టడీ సెంటర్‌కి బస్సు ఛార్జీలు కలుపుకుంటే ఏడాదికి దాదాపు తొమ్మిది వేలు. దీనికి బ్యాంకులో పన్నెండు నెలల ఆర్‌డీ (నెల నెలా కట్టే డిపాజిట్) కడుతున్నాను, నెలకి 750. పోస్టాఫీసులో అడిగితే వాళ్ల ఆర్‌డీ ఐదేళ్లది, నాకేమో డబ్బు ప్రతి డిసెంబరుకి చేతికి రావాలి. పరీక్ష ఫీజు నెలల్లో షాపు యజమాని అన్నని జీతంలో వెయ్యి ముందే ఇమ్మని అడుగుతాను, ఒక్కసారి కూడా కాదనలేదు.

ఇగ్నోలో నాకు బాగా కలిసొచ్చింది గడువు. మూడేళ్ల బీకాంని ఆరేళ్ల దాకా పూర్తిచేసుకోవచ్చు, పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో ఉంటాయి, ఏ పేపర్లు రాస్తామో వాటికే ఫీజు. మొదటి ఏడాది డిసెంబరులో బాపుకి ఫిజియోథెరపీ మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చేతిలో ఉన్న డబ్బుకి సరిపడా పేపర్లు రాసి, బిజినెస్ లా వదిలేశాను. దాని అసైన్‌మెంట్ మాత్రం టైముకి ఇచ్చేశాను, మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లదే. బీటెక్‌లో ఇలా ఆగే వీలుంటే బహుశా నేను అదే చదివేదాన్ని.

ఆ బిజినెస్ లా మొన్న జూన్‌లో రాశాను, పాసయ్యాను. సంఘం అప్పు తీరిపోయింది. బ్యాంకు వాయిదా ఒక్క నెలా తప్పలేదు. వచ్చే జనవరి మూడో ఏడాది ఫీజుకి ఆర్‌డీలో ఇంకా నాలుగు నెలలు కట్టాలి.