స్కేళ్ల పర్మిషన్ కోసం తిరిగిన కథ: నా అనుభవం

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో నాది మానసిక ఆరోగ్యం. థీసిస్‌కి నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం తీసుకున్నాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయినవాళ్లకు మనసులో దిగులు ఎంత, ఏళ్ల తరబడి వాళ్లను లేపి కూర్చోబెడుతున్న ఇంటివాళ్ల మీద భారం ఎంత అన్నది నా టాపిక్. టాపిక్ తొందరగానే ఓకే అయింది. టెన్షన్ అంతా స్కేళ్ల దగ్గర, అంటే దిగులు, భారం లాంటివి మార్కుల్లో కొలిచే ప్రశ్నాపత్రాల దగ్గర మొదలైంది.

మా దగ్గర నడిచే పద్ధతి అందరికీ తెలిసిందే. సీనియర్ థీసిస్ తీసి, చివర అనుబంధంలో ఉన్న ప్రశ్నాపత్రం జిరాక్స్ తీయించుకోవడం. అక్కడ లేకపోతే మన దేశంలోని థీసిస్‌లు ఆన్‌లైన్లో పెట్టే శోధ్‌గంగలో వెతుక్కోవడం. నేనూ అలాగే ఒక బొత్తి పట్టుకెళ్లాను. మా గైడ్ మేడం తిరగేసి, "స్కేల్ బాగుందమ్మా, పర్మిషన్ లెటర్ ఏది?" అన్నారు. ఒకరి థీసిస్‌లో అచ్చయినంత మాత్రాన అందరి సొత్తు అయిపోదని అప్పుడు బుర్రకెక్కింది.

దిగులు కొలవడానికి అందరూ వాడే బెక్ ఇన్వెంటరీయే నేనూ అనుకున్నాను. దాని రెండో రూపం 1996లో వచ్చింది, 21 అంశాలు. హక్కులు పియర్సన్ సంస్థవి. ఫారాలు కొనుక్కోవాలి, కొనేవాళ్లు తమ అర్హత కూడా చూపించాలి. స్టైపెండ్ మీద బతికేదాన్ని, ఆ ఖర్చు నావల్ల కాదు. మేడమే పీహెచ్‌క్యూ-9 చూడమన్నారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. దాన్ని అచ్చు వేసుకోవడానికి, అనువదించుకోవడానికి, పంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని ఫారం కిందే రాసి ఉంటుంది. ఆ వాక్యం కనిపించేలా పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాను. అనుమతి అక్కర్లేదు అనడానికి కూడా కాగితం చూపించాల్సిందే కదా!

ఇంటివాళ్ల భారం కొలవడానికి జారిట్ స్కేల్. 22 ప్రశ్నలు, 88 మార్కులు. అది ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఉన్న మాపి రీసెర్చ్ ట్రస్ట్ ద్వారా వస్తుంది. వాళ్ల సైట్లో ఖాతా తెరిచి అధ్యయనం పేరు, ఎంతమందిని అడుగుతాం, ఏ భాషలో కావాలి, డబ్బు ఎవరిస్తున్నారు అన్నీ నింపాలి. ఆ డబ్బు గడి దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఎవరి గ్రాంటూ లేని విద్యార్థి పని ఒక లెక్క, గ్రాంటు మీద చేసే పని ఇంకో లెక్క. ఒప్పందం మీద సంతకం పెట్టి పంపాక ఫైల్ మెయిల్లో వచ్చింది.

అసలు తిప్పలు పెట్టింది మాత్రం మన తెలుగు స్కేలే. కష్టాన్ని మనుషులు ఎలా తట్టుకుంటారో అడిగే పాత ప్రశ్నాపత్రం ఒకటి నాకు బాగా నచ్చింది. తయారుచేసిన ప్రొఫెసర్ గారు రిటైరయ్యారు. పాత మెయిల్‌కి పంపితే తిరిగొచ్చింది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన ఒక సార్‌ని పట్టుకుని నంబర్ సంపాదించాను. ఆయన ఎంత సంతోషపడ్డారంటే, "నా స్కేల్ ఇంకా గుర్తుందా తల్లీ, నిరభ్యంతరంగా వాడుకో" అన్నారు. మనుషుల మీద చేసే పరిశోధనలను ముందే పరిశీలించే ఎథిక్స్ కమిటీకి ఫోన్లో మాట చెల్లదు. వాట్సాప్‌లో "ఓకే" అని పంపినా చెల్లదు. చివరికి నేనే లెటర్ టైప్ చేసి పంపితే, మనవడి చేత ప్రింట్ తీయించి, సంతకం పెట్టి, ఫొటో తీసి మెయిల్ చేయించారు. ఫలితాలు తనకూ పంపాలన్నది ఒక్కటే షరతు.

ఎథిక్స్ కమిటీలో అడిగింది నేను ఊహించని ప్రశ్న. పీహెచ్‌క్యూలో తొమ్మిదోది చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. "ఎవరైనా అవునంటే ఏం చేస్తావు? మార్కు వేసుకుని వచ్చేస్తావా?" అన్నారు ఒక డాక్టర్ గారు. స్కేల్ వాడే అనుమతి వేరు, ఆ ప్రశ్న అడిగే బాధ్యత వేరు. అదే రోజు పీహెచ్‌సీ డాక్టర్‌కి చెప్పడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడటం, నల్లగొండ ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగానికి పంపడం, ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలీమానస్ 14416 నంబర్ రాసిచ్చి రావడం, ఇవన్నీ ప్లాన్‌గా రాసిచ్చాకే సంతకం పడింది.

ఊళ్లో ముందు కొద్దిమందితో పరీక్షించి చూశాను. "గత రెండు వారాల్లో" అనగానే ఒక అవ్వ నా మొహం చూసి, "పోయిన అంగడికి అసలు లేవలే బిడ్డా, దానికి ముందటి అంగడికి మంచిగనే ఉన్న" అంది. అంగడి అంటే అక్కడ వారం వారం జరిగే సంత. ఆమె లెక్క నాకంటే నయం. ప్రశ్నలోనే అంగడి అని మార్చేద్దామనిపించింది. మేడం ఒప్పుకోలేదు. ప్రశ్న ఉన్నది ఉన్నట్టే చదవాలి, రెండు అంగళ్ల వివరణ అడిగేవాళ్ల సూచనల కాగితంలో ఉండాలి, అందరికీ ఒకేలా చెప్పాలి.

ఇప్పుడు జూనియర్లు జారిట్ ఫైల్ పంపమని అడుగుతున్నారు. నాకిచ్చింది నా అధ్యయనం వరకే, ఇంకొకరికి ఇచ్చే హక్కు నాకు లేదు. సైట్ లింకు, నేను నింపిన దరఖాస్తు నమూనా పంపుతున్నాను. ప్రొఫెసర్ గారి నంబర్ కూడా ఆయన్ని అడిగాకే ఇస్తున్నాను.